ఫిజియోథెరపీ డిగ్రీలో ఏ సబ్జెక్టు దేనికి? ఎలా చదవాలి?

ఫిజియోథెరపీలో చేరబోయేవాళ్లు ముందు అడిగేది "సిలబస్‌లో ఏముంటుంది?" అని. సబ్జెక్టుల పేర్లు ఏ ప్రాస్పెక్టస్ చూసినా దొరుకుతాయి. ఏ సబ్జెక్టు ఎందుకు పెట్టారో, ఎలా చదివితే పేషెంట్ ముందు పనికొస్తుందో అందులో ఉండదు. వార్డు పోస్టింగ్‌కి వచ్చే విద్యార్థులను ఏళ్లుగా చూస్తున్న మనిషిని కాబట్టి ఆ సంగతే చెప్తాను.

మొదటి ఏడాదంతా అనాటమీదే రాజ్యం. పెద్దవాళ్ల ఒంట్లో 206 ఎముకలు అని అప్పజెప్పేస్తే అయిపోదు. ప్రతి కండరానికీ నాలుగు విషయాలు తెలియాలి: ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ అతుక్కుంటుంది, ఏ నరం నడిపిస్తుంది, ఏ కదలిక ఇస్తుంది. పుస్తకంలో చదివింది అదే రోజు ఫ్రెండ్ ఒంటి మీద వెతకండి. చెరిగిపోయే స్కెచ్ పెన్‌తో చర్మం మీద గీయండి. ఉదాహరణకి, మోకాలికి బయటివైపు, కాస్త కిందగా గుండ్రంగా చేతికి తగిలేది ఫిబ్యులా (కాలి బయటివైపు సన్న ఎముక) తల. దాని కింద ఎముక మెడని చుట్టుకుని కామన్ పెరోనియల్ నరం వెళ్తుంది. చర్మానికి బాగా దగ్గర. ప్లాస్టర్ కట్టు అక్కడ బిగుసుకుంటే నరం నలిగి పాదం పైకి లేవదు. దాన్నే ఫుట్ డ్రాప్ అంటాం. ఒకసారి వేలితో అక్కడ తడిమి చూసినవాళ్లు పరీక్షలోనూ మర్చిపోరు, వార్డులోనూ మర్చిపోరు. బ్రేకియల్ ప్లెక్సస్‌ని, అంటే చేతికి వెళ్లే నరాల అల్లికని, మాత్రం కాగితం మీద రోజూ గీయాల్సిందే. మెడ దగ్గర సీ5 నుంచి టీ1 దాకా ఉన్న నరాల వేర్లు కలిసి, విడిపోయి, చేతిలోకి ఎలా దిగుతాయో చూడకుండా గీయగలిగేదాకా గీయండి.

ఫిజియాలజీలో నరం, కండరం, గుండె, ఊపిరితిత్తుల చాప్టర్లు కుదురుగా చదవండి. మిగతావి పాసయ్యేంత చదివితే చాలని నా అభిప్రాయం. మీ లెక్చరర్లు ఒప్పుకోకపోవచ్చు.

బయోమెకానిక్స్ అనగానే లెక్కలని చాలామందికి టెన్షన్. నాకైతే ఈ కోర్సులో ఇంతకన్నా అందమైన సబ్జెక్టు లేదు. కుడి తుంటి నొప్పి ఉన్న మనిషికి చేతికర్ర ఏ చేతికివ్వాలి? ఎడమ చేతికి. కారణం చూడండి. కుడికాలి మీద ఒంటికాలితో నిలబడగానే శరీరం బరువు కటిని ఎడమవైపుకి దించాలని చూస్తుంది. దాన్ని పడిపోకుండా పట్టి ఉంచేది ప్రధానంగా కుడివైపు గ్లూటియస్ మీడియస్ అనే తుంటి పక్క కండరం. అది తుంటి కీలుకి చాలా దగ్గరగా లాగుతుంది కాబట్టి ఎక్కువ బలం పెట్టాలి. ఆ బలం, శరీరం బరువు రెండూ కలిసి కీలుని నొక్కుతాయి. ఎడమ చేతిలోని కర్ర కుడి తుంటికి దూరంగా ఉంటుంది కాబట్టి కొద్దిగా నొక్కినా కండరం మీద భారం బాగా తగ్గుతుంది. ఆ కండరమే బలహీనపడితే రెండోవైపు కటి కిందకి జారుతుంది. ట్రెండెలెన్‌బర్గ్ గుర్తు అంటే అదే. కండరం పేరు అనాటమీది, కారణం బయోమెకానిక్స్‌ది, పేషెంట్ ఆర్థోపెడిక్స్‌లో వస్తాడు. సబ్జెక్టులు ఇలా ముడిపడి ఉన్నాయని మొదటి ఏడాదే తెలుసుకుంటే సగం బరువు దిగిపోతుంది.

నడకని కూడా ఇక్కడే చదువుతారు. మామూలు నడకలో ఒక కాలు చక్రంలో సుమారు 60 శాతం సమయం నేల మీద, 40 శాతం గాల్లో ఉంటుంది. దారిలో నడిచేవాళ్లని గమనిస్తూ ఎవరిది ఏ దశలో తేడాగా ఉందో చెప్పుకోవడం మంచి అలవాటు. తేరిపార చూడకండి, అంతే.

ఎక్సర్‌సైజ్ థెరపీలో రెండు కొలతలు చేతికి పట్టుబడాలి. ఒకటి గోనియోమీటర్‌తో కీలు ఎంత వంగుతుందో కొలవడం, రెండోది కండరం బలానికి 0 నుంచి 5 వరకు గ్రేడ్ ఇవ్వడం. భూమ్యాకర్షణకి ఎదురుగా పూర్తిగా కదిపితే 3, ఆ ఆకర్షణ అడ్డు లేకుండా చేసినప్పుడే కదిపితే 2. అందుకే చేతిని పక్కకి ఎత్తే బలాన్ని 3 కోసం కూర్చోబెట్టి చూస్తాం, అది రాకపోతే వెల్లకిలా పడుకోబెట్టి చూస్తాం. పేషెంట్ భుజాన్ని చెవి దాకా ఎగరేసి చెయ్యి లేచిందనిపిస్తాడు. ఆ దొంగ కదలికని పట్టుకోవడమే అసలు పరీక్ష.

ఎలక్ట్రోథెరపీ ల్యాబ్ అంటే కొత్తవాళ్లకి మహా మోజు. వైద్యానికి వాడే అల్ట్రాసౌండ్‌లో (స్కానింగ్ కాదు) 1 మెగాహెర్ట్జ్ లోతుకి పోతుంది, 3 మెగాహెర్ట్జ్ పైపైనే ఆగుతుంది. టెన్స్ (చర్మం మీద నుంచి నరాలకి సన్నని కరెంటు ఇచ్చే మెషీన్) నొప్పిని ఎలా తగ్గిస్తుందో చెప్పడానికి 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన గేట్ కంట్రోల్ సిద్ధాంతం చదువుతారు. స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకి గేటు మూస్తాయన్నది దాని సారం. ఇవన్నీ తెలియాలి. కానీ ప్రతి మెషీన్‌కీ ముందు బట్టీ పట్టాల్సింది అది ఎవరికి పెట్టకూడదన్న జాబితానే. పేస్‌మేకర్ ఉన్నవారికి షార్ట్‌వేవ్ డయాథెర్మీ (రేడియో తరంగాలతో లోపలికి వేడి ఇచ్చే మెషీన్) పెట్టకూడదన్న మాట నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. మెషీన్ తోడు మాత్రమే, వైద్యం వ్యాయామంతోనే సాగుతుందని నేను నమ్ముతాను.

పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ, సైకాలజీ చిన్న సబ్జెక్టులని తేలిగ్గా తీసుకుంటారు. గుండె జబ్బుకి బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) వాడుతున్న మనిషిని ట్రెడ్‌మిల్ ఎక్కిస్తే పల్స్ అనుకున్నంత పెరగదు. పల్స్ ఒక్కటే చూసి వేగం పెంచితే ప్రమాదం. ఆయాసం, శ్రమ ఎంతున్నాయో పేషెంట్‌నే అడగాలి. అందుకే 6 నుంచి 20 వరకు అంకెలున్న బోర్గ్ స్కేల్ నేర్పుతారు. చూశారా, ఫార్మకాలజీ ఎక్కడ తేలిందో.

తర్వాతి ఏళ్లలో ఆర్థో, న్యూరో, గుండె–ఊపిరితిత్తులు, పిల్లలు, స్పోర్ట్స్, కమ్యూనిటీ రిహాబ్ వరుసగా వస్తాయి. వీటిని జబ్బుల పేర్లతో కాకుండా "ఈ మనిషి ఏ పని చేసుకోలేకపోతున్నాడు?" అన్న ప్రశ్నతో చదవండి. స్ట్రోక్ వచ్చినవాళ్ల పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగి లేపకూడదు. పట్టి ఉంచే కండరాలు సడలి ఉంటాయి కాబట్టి భుజం కీలు జారుతుంది. ఈ మాట ఇంట్లోవాళ్లకి చెప్పడం కూడా మన పనే.

మన పరిధి కానిది గుర్తుపట్టడమూ చదువులో భాగమే. నడుము నొప్పితో వచ్చిన మనిషి కూర్చుంటే కుర్చీకి ఆనే చోట తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం చెప్తే వ్యాయామాలు పక్కనపెట్టి వెంటనే ఎమర్జెన్సీకి పంపాలి. వెన్ను చివర నరాల గుత్తి నొక్కుకుపోయి ఉండవచ్చు, ఆలస్యమైతే నష్టం శాశ్వతం కావచ్చు.

పోస్టింగ్‌లో ఒక్కో కేసూ నాలుగు ముక్కలుగా రాయండి: పేషెంట్ చెప్పింది, మీరు కొలిచింది, మీకు అర్థమైంది, చేయబోయేది. రెండోదాంట్లో అంకెలు లేకపోతే నేను కాగితం తిరిగి ఇచ్చేస్తాను. "మోకాలు కొంచెం మెరుగు" అని రాస్తే నాకేం తెలుస్తుంది? పోయిన వారం 70 డిగ్రీలు వంగింది, ఈ వారం 95 అని రాయండి. చివరి ఏడాది ప్రాజెక్టుకీ ఈ అలవాటే పనికొస్తుంది. బయోస్టాటిస్టిక్స్ క్లాసులో నిద్రపోయినవాళ్లు అప్పుడే లేస్తారు. ప్రశ్న చిన్నదిగా, కొలవగలిగేదిగా పెట్టుకోండి.

ఇంకో మాట. పోస్టింగ్‌కి వచ్చేటప్పుడు గోళ్లు కత్తిరించుకుని, ఉంగరాలు తీసేసి రండి. పేషెంట్‌ని మంచం నుంచి కుర్చీలోకి మార్చే పద్ధతి ముందు మీలో మీరే ఒకరి మీద ఒకరు చేసుకుని చూడండి, ఎందుకంటే అది సరిగ్గా రాకపోతే మొదట పట్టేసేది మీ నడుమే.