తెల్లమద్ది బెరడు నుంచి అర్జునోలిక్ ఆమ్లం: మా ల్యాబ్ పద్ధతి

తెల్లమద్ది బెరడులో ఉండే అర్జునోలిక్ ఆమ్లాన్ని విడదీసే ప్రాజెక్టు తీసుకున్న పిల్లలు వస్తూనే కాలమ్ (కలిసిపోయిన పదార్థాలని విడదీసే, సిలికా పొడి నింపిన గొట్టం) గురించి అడుగుతారు. కాలమ్ ఎక్కడికీ పోదు, ముందు మీ సంచిలో ఉన్నది ఏ చెట్టుదో తేల్చండి. అమలాపురంలో మా ల్యాబ్‌కి మద్దిచెక్క పేరుతో వచ్చే మూటల్లో నల్లమద్ది కూడా కలిసే ఉంటుంది. తెల్లమద్ది బెరడు పైన నున్నగా, బూడిద తెలుపులో ఉండి పెచ్చులుగా ఊడుతుంది. లోపలివైపు లేత ఎరుపు. నల్లమద్దిది నల్లగా, లోతైన పగుళ్లతో ఉంటుంది. కాయ కూడా తెచ్చుకుంటే బోటనీ మాస్టారు ఇట్టే చెప్పేస్తారు: రెండింటికీ అయిదు రెక్కలే గానీ, తెల్లమద్ది రెక్క మీద ఈనెలు పైకి వంగి ఉంటాయి. అందుకే కొట్లో కొన్న చెక్క వద్దంటాను. చెట్టు యజమానినడిగి కొమ్మకి ఒక పక్కనే, నిలువుగా ఒలవండి. చుట్టూ ఒలిస్తే ఆ కొమ్మ ఎండిపోతుంది.

ఇక ఆరబెట్టడం. మన కోనసీమలో సగం ప్రాజెక్టులు ఇక్కడే పాడవుతాయండి. శ్రావణ భాద్రపదాల్లో ఒలిచిన బెరడుకి కాలవగట్టు తేమకి రెండో వారానికల్లా బూజు పట్టేస్తుంది, ఆ తర్వాత మీరు తీసేది చెట్టు పదార్థమో బూజు పదార్థమో తెలీదు. మాఘంలో, ఫాల్గుణంలో ఒలవండి. నీడలో, ఫ్యాను కింద, చాప మీద పలచగా పరచండి. రోజూ తూచి, బరువు తగ్గడం ఆగాక, ముక్క వంగకుండా ఫట్‌మని విరిగాక, బొంబాయిరవ్వంత ముతకగా మర పట్టించండి. మరీ మెత్తనైతే సాక్స్‌లెట్‌లో (వేడి ద్రావణిని పదే పదే పొడి మీదుగా పంపే గాజు పరికరం) ద్రావణి దిగదు.

వంద గ్రాముల పొడిని ముందు హెక్సేన్‌తో తీయండి. మైనం, కొవ్వు, బీటా సిటోస్టెరాల్ అనే మొక్కల స్టెరాల్ పోతాయి. పొడి ఆరాక మిథనాల్. మంట పనికిరాదు, హీటింగ్ మాంటిల్ (ఫ్లాస్కుని వేడిచేసే కరెంటు తొడుగు) వాడండి, ఆవిరి పీల్చకండి, మిథనాల్ చూపు తీసేస్తుంది. వేసవిలో మన ట్యాంకు నీళ్లు వేడిగా వస్తాయి కాబట్టి ఆవిరిని చల్లార్చే కండెన్సర్‌కి బకెట్లో ఐసు వేసి చిన్న పంపు పెట్టాలి.

మిథనాల్ లాగేశాక మిగిలే ఎర్రటి ముద్దలో ఎక్కువ భాగం టానిన్లే, అంటే వగరు పదార్థాలే. ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే నీలి నలుపు. నైలాన్ రాకముందు నూలు వలలు కుళ్ళకుండా బెరడు కషాయం పట్టేది వీటి కోసమే. మనకి మాత్రం ఇవే అడ్డం. ముద్దని నీళ్లలో కలిపి ఇథైల్ ఎసిటేట్‌తో గిలకొట్టండి. నురగ కట్టి పొరలు విడకపోతే కాస్త ఉప్పు వేసి ఆగండి, తొందరపడి మళ్ళీ ఊపకండి. పై పొరని ఆవిరి చేసి, సిలికా మీద పొడిగా ఎక్కించి, హెక్సేన్‌లో ఇథైల్ ఎసిటేట్ శాతం పెంచుకుంటూ కాలమ్ నడపండి.

కాలమ్ నుంచి దిగినదాంట్లో ఏముందో చూసే టీఎల్‌సీ (పలచని పొర క్రొమటోగ్రఫీ) పలకని యూవీ దీపం కింద చూసి "ఏమీ లేదు మేడమ్" అనకండి. అర్జునోలిక్ ఆమ్లం లాంటి ట్రైటర్పీన్లు (ముప్ఫై కార్బన్ల మొక్క పదార్థాలు) 254 నానోమీటర్ల కాంతిని పీల్చవు. అనిసాల్డిహైడ్ సల్ఫ్యూరిక్ ఆమ్లం చల్లి 105 డిగ్రీల దగ్గర వేడి చేస్తే ఊదారంగు మచ్చలు తేలతాయి.

అసలు చిక్కు చివర్లో. అర్జునోలిక్ ఆమ్లం, అదే బెరడులో ఉండే అర్జునిక్ ఆమ్లం రెండూ C₃₀H₄₈O₅. మాస్ స్పెక్ట్రమ్‌లో రెండిటికీ అణుభారం 488. తేడా ఒక్క హైడ్రాక్సిల్ స్థానంలో: అర్జునోలిక్‌లో 23వ కార్బన్ మీద, అర్జునిక్‌లో 19వ దాని మీద. కార్బన్ ఎన్‌ఎమ్‌ఆర్ (ఒక్కో కార్బన్‌కి ఒక్కో గీత చూపే స్పెక్ట్రమ్) తీయించండి, ఏ కార్బన్ మీద ఎన్ని హైడ్రోజన్లో చెప్పే డెప్ట్ కూడా అడగండి. 66 పీపీఎమ్ దగ్గర సీహెచ్2 కనబడితే అర్జునోలిక్, 82 దగ్గర సీహెచ్ కనబడితే అర్జునిక్. 122, 144 దగ్గరి ద్విబంధం గీతలు రెండిట్లోనూ ఉంటాయి, వాటిని చూసి సంబరపడకండి. కాలమ్‌లో మిథనాల్ కలిపాక ఆలస్యంగా దిగేది అర్జునెటిన్ (అర్జునిక్ ఆమ్లానికి గ్లూకోజు అతికిన పదార్థం) కావచ్చు. ఆమ్లంతో విడగొడితే గ్లూకోజు ఊడి అర్జునిక్ ఆమ్లం మిగలాలి, పక్కన అసలు నమూనా పెట్టి టీఎల్‌సీలో సరిచూసుకోండి.