ప్రాసెసర్ తీసే ముందే బయోస్ చూసుకోండి

మా పర్లాకిమిడిలో చాలామంది తమ్ముళ్లు ఏఎమ్‌డీ కంపెనీ పాత ప్రాసెసర్లు రైజెన్ 5 1600, 2600ల మీదే గేములు ఆడుతున్నారు. ఆగి ఆగి నడుస్తోందని కంప్యూటర్ మొత్తం మార్చేద్దామంటారు. అంత ఖర్చు అక్కర్లేదు.

ముందు గేమ్‌లో రిజల్యూషన్ తగ్గించి చూడండి. ఫ్రేములు (సెకనుకు కనిపించే బొమ్మలు) పెరిగితే ఇబ్బంది గ్రాఫిక్స్ కార్డుది. పెరగకపోతే ప్రాసెసర్‌దే.

అప్పుడు రైజెన్ 5 5600 తీసుకోండి. అదే ఏఎమ్4 సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు), 6 కోర్లు, 65 వాట్లు. చవగ్గా దొరికే 5500కి, 5600జీకి ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలుండే వేగమైన మెమరీ) 16 ఎంబీయే, దీనికి 32. గేముల్లో ఆ తేడా తెలుస్తుంది. బరంపురం వెళ్లి కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా పెట్టె మీద నంబరు చివర 'జీ' ఉందేమో చదవండి.

అసలు జాగ్రత్త బయోస్ దగ్గర, అంటే ఆన్ చేయగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్ దగ్గర. పాత ప్రాసెసర్ ఉండగానే బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీ తెరిచి, 5600కి ఏ వెర్షన్ కావాలో చూసి అప్‌డేట్ చేయండి. పాత బయోస్ మీద కొత్తది బిగిస్తే స్క్రీనే రాకపోవచ్చు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డే పాడవ్వచ్చు. మన వైపు వానాకాలంలో ఉరుము వినిపిస్తే చాలు, కరెంటు ఉండదు. మా ఇంట్లో యూపీఎస్ లేక సీపీయూ డబ్బా మొత్తం మావయ్యగారింటికి మోసుకెళ్లి అక్కడ చేశాను. కష్టమైనా టెన్షన్ లేకుండా అయిపోయింది.

ప్రాసెసర్ మీదుండే కూలర్ తీసే ముందు పది నిమిషాలు గేమ్ ఆడి, షట్‌డౌన్ చేసి ప్లగ్ తీసేయండి. ఆ రెండిటి మధ్య ఉండే పేస్ట్ మెత్తబడుతుంది. కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయండి. ఒక్కసారిగా లాగితే ప్రాసెసర్ దానికే అంటుకుని వచ్చేసి పిన్నులు వంగిపోవచ్చు.