మెట్ల దారిలో గుండె ఆగితే జట్టుగా సీపీఆర్, ఏఈడీ ఎలా చేయాలి?

అలిపిరి మెట్లెక్కుతూ ఎవరైనా కుప్పకూలితే జనం చుట్టూ మూగుతారు. ఒకరు నోట్లో నీళ్లు పోస్తారు, ఇంకొకరు అరికాళ్లు రుద్దుతారు. రెండూ వద్దు. భుజం తట్టి పిలవండి. పలకకుండా, ఊపిరి తీసుకోకుండా ఉంటే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు ఏఈడీ, అంటే ఆగిన గుండెకు కరెంటు షాక్ ఇచ్చే మెషీన్, తేవడానికి పరుగెత్తాలి. ఆగి ఆగి నోరు తెరుస్తూ ఎగశ్వాస తీస్తున్నా అది ఊపిరి కాదు. మనిషిని మెట్ల మీద నుంచి పక్కనున్న చదునైన చోటికి చేర్చి వెల్లకిలా పడుకోబెట్టండి.

సీపీఆర్ అంటే ఛాతీ నొక్కుతూ, నోట్లోకి ఊపిరి ఊదడం. పెద్దవాళ్లకైతే రొమ్ము ఎముక కింది సగం మీద, మోచేతులు వంచకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. లోతు 5 సెంటీమీటర్లు, 6 దాటొద్దు. ప్రతి నొక్కుకీ ఛాతీ పూర్తిగా పైకి లేవాలి. 30 నొక్కులకు 2 సార్లు ఊపిరి ఊదాలి. ఊదడం రానివాళ్లు నొక్కుతూనే ఉంటే చాలు. లెక్క నొక్కేవాళ్లే పెట్టాలి, గట్టిగా, అందరికీ వినబడేలా.

ఏఈడీ రాగానే జట్లన్నీ చెడిపోయేది ఒకే చోట. నొక్కే మనిషి చేతులు తీసేసి మెషీన్ వంక చూస్తుంటాడు. దయచేసి ఆపకండి. బోరింగు కొట్టడం ఆపితే మళ్లీ నాలుగైదు సార్లు కొడితేగానీ నీళ్లు రావు కదా, రక్తమూ అంతే. ఆపగానే మెదడుకు వెళ్లేది పడిపోతుంది, మళ్లీ పుంజుకోవడానికి చాలా నొక్కులు పడతాయి. అందుకే ఒకరు నొక్కుతుండగానే రెండో మనిషి చొక్కా కత్తిరించి, చెమట తుడిచి మెషీన్ ప్యాడ్లు (షాక్ పంపే అంటుకునే పట్టీలు) అంటించాలి. కొండెక్కిన ఒంటి మీద చెమట తుడవకపోతే ప్యాడ్ అంటుకోదు. ఒకటి కుడి కాలర్ ఎముక కింద, రెండోది ఎడమ చంక కింద పక్కటెముకల మీద.

ముట్టుకోవద్దని మెషీన్ చెప్పినప్పుడే చేతులు తీయాలి. షాక్ కొట్టేముందు "అందరూ జరగండి" అని అరిచి, ఎవరూ తగలడం లేదని కళ్లతో చూసుకోండి. షాక్ అయిన మరుక్షణమే మళ్లీ నొక్కాలి. నాడి చూద్దాం, కళ్లు తెరుస్తాడేమో చూద్దాం అని ఆగొద్దు. షాక్ అవసరం లేదని మెషీన్ చెప్పినా, మనిషిలో కదలిక, మామూలు ఊపిరి లేకపోతే నొక్కడమే.

అలసిపోయాక మారదామనే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. అలుపు తెలిసేలోపే నొక్కుల లోతు తగ్గిపోతుంది. 2 నిమిషాలకోసారి, మెషీన్ గుండెను పరిశీలించేటప్పుడే మారండి. తర్వాతి మనిషి ముందే ఎదుటి పక్క మోకాళ్ల మీద సిద్ధంగా ఉండాలి. ఏ ఆగుదలా 10 సెకన్లు మించొద్దు.

108 వాళ్లు వచ్చినా వాళ్లు చేతులు పెట్టేదాకా నొక్కుతూనే ఉండండి. ప్యాడ్లు పీకొద్దు. ఎప్పుడు పడిపోయాడు, ఎన్ని షాకులిచ్చారు, ఈ రెండూ చెప్పండి.