అవతలి వంపులో నెమ్మదించే రైలు

విజయవాడ సత్యనారాయణపురంలో మాది చిన్న ఫ్లాట్. అందులోనే బల్ల మీద మోడల్ రైలు నడుపుతుంటాను. ఎక్స్‌ప్రెస్ రైళ్లలో వాడే అసలు ఎల్‌హెచ్‌బీ కోచ్ పొడవు దాదాపు 23.5 మీటర్లు. 1:87 నిష్పత్తిలో చేసినా 27 సెంటీమీటర్లు వస్తుంది, అలాంటి కోచ్‌ల వరుస (రేక్) తిరగడానికి మా గది చాలదు. అందుకే ఇంకా చిన్నదైన ఎన్ స్కేల్ ఎంచుకున్నాను. 1:160లో కోచ్ 15 సెంటీమీటర్ల లోపే. పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు.

పట్టాలకు కరెంటిచ్చే కంట్రోలర్ దగ్గర జోరుగా పోయే ఇంజన్ అవతలి వంపుకొచ్చేసరికి నీరసపడేది. మోటారు పోయిందేమోనని ఒకటే టెన్షన్. మల్టీమీటర్‌తో చూస్తే అక్కడ వోల్టేజీ తగ్గుతోంది. ఇంజన్ నడుస్తుండగానే కొలవాలి, ఖాళీ పట్టాల మీద ఆ తేడా కనబడదు. నికెల్ సిల్వర్ అనే మిశ్రమలోహపు పట్టాలకు రాగి కంటే నిరోధం చాలా ఎక్కువ. పైగా పట్టాల ముక్కలను కలిపే జాయినర్ వదులైన ప్రతి చోటా కొంత వోల్టేజీ పోతుంది.

కంట్రోలర్ నుంచి బల్ల కింద రెండు లావు రాగి తీగలు లాగి, వాటి నుంచి సన్న తీగలను అక్కడక్కడా పట్టాల బయటి అంచుకు సోల్డర్ చేశాను. రెండు పట్టాలకూ వేర్వేరు రంగుల తీగలు వాడండి, తారుమారైతే షార్టే. అతికే చోటుకు ఇరువైపులా తడి దూది పెడితే ప్లాస్టిక్ స్లీపర్లు కరగవు.

ఇప్పుడు వేగం అంతటా ఒకటే. పట్టాల మురికికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. ఉప్పుకాగితం మాత్రం వద్దు, ఆ గీతల్లో మురికి ఇంకా త్వరగా పేరుకుంటుంది.