పచ్చి వెల్లుల్లి మానకుండానే వాసన తగ్గించుకున్నా

రోజూ పొద్దున్నే ఒక పచ్చి వెల్లుల్లి రెబ్బ తినే అలవాటు నాకు, మానే ఉద్దేశం కూడా లేదు, కానీ లిఫ్ట్‌లో పక్కనోళ్ళు మొహం తిప్పుకునేదాకా వచ్చింది వ్యవహారం. బ్రష్ చేశా, మౌత్‌వాష్ వాడా, చూయింగ్ గమ్ నమిలా, కాసేపు బానే ఉంటది మళ్ళీ మామూలే. ఎందుకంటే వాసన ఒక్క నోట్లోనే ఉండదండీ, అల్లైల్ మిథైల్ సల్ఫైడ్ అని వెల్లుల్లి నుంచి వచ్చే సల్ఫర్ పదార్థం ఒకటి రక్తంలో కలిసి ఊపిరితిత్తుల నుంచి గాలితో పాటు బయటికొస్తూనే ఉంటది, ఇక నోరెంత కడిగితే ఏం లాభం.

నాకు పనిచేసింది యాపిల్. పచ్చిదే, రెబ్బ తిన్న వెంటనే బాగా నమిలి తినాలి. కోసిన యాపిల్ ముక్క కాసేపటికి గోధుమరంగులోకి మారుతుంది చూడండి, ఆ రంగు తెచ్చే ఎంజైమే అందులోని పాలీఫినాల్స్‌తో (మొక్కల్లో సహజంగా ఉండే పదార్థాలు) కలిసి ఈ సల్ఫర్ వాసనల పని పడుతుంది, అందుకే ఉడికిస్తే అంత పనిచేయదు. యాపిల్ లేకపోతే పుదీనా ఆకులు. పాలు కూడా ఓకే, వెన్న తీయనివైతే ఇంకా బెటర్, కాకపోతే తర్వాత కాదు, వెల్లుల్లితో పాటే తాగాలి.

కొందరు రెబ్బ నలపకుండా టాబ్లెట్‌లా మింగేస్తారు, వాసన తక్కువే గానీ నలిగితేనే కదా అల్లిసిన్, అంటే వెల్లుల్లిలో మనకి కావాల్సిన ఆ ఘాటు పదార్థం, తయారయ్యేది, ఇంకెందుకు తినడం! నేనైతే నలిపి పది నిమిషాలు వదిలేసి తింటా, ఖాళీ కడుపుతో మాత్రం కాదు, మంట. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, ఆపరేషన్ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా మొదలెట్టొద్దు.