ఎలక్ట్రిక్ గిటార్: గుయ్యిమనే హోరు నుంచి శ్రుతి తప్పే తీగ దాకా, లోపం పట్టుకునే దారి

గిటార్ సౌండ్ తేడా కొట్టగానే చాలామంది చేసే మొదటి పని కొత్త పికప్పుల (తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాల) కోసం, కొత్త పెడల్ (సౌండ్ మార్చే చిన్న పెట్టె) కోసం వెతకడం. నిజానికి ఎక్కువసార్లు తప్పు కేబుల్లోనో, జాక్ నట్టులోనో, అరిగిపోయిన తీగల్లోనో ఉంటుంది. అందుకని ఏదీ కొనకముందు గొలుసు విప్పండి. పెడళ్లన్నీ తీసేసి, బాగుందని తెలిసిన ఒక్క కేబుల్‌తో గిటార్‌ను నేరుగా ఆంప్‌కు (యాంప్లిఫయర్‌కు) తగిలించండి. శబ్దం పోయిందా? అయితే గిటార్‌కూ ఆంప్‌కూ సంబంధం లేదు, పెడళ్ల వైపు, వాటి కేబుళ్ల వైపు చూడాలి. పోలేదంటే గిటార్ వాల్యూమ్ సున్నాకు తిప్పండి. అప్పుడు ఆగిపోతే మూలం గిటార్‌లో ఉంది. ఇంకా వస్తుంటే ఆంప్ దగ్గర కేబుల్ కూడా పీకేయండి. ఇన్‌పుట్ ఖాళీగా ఉన్నా హోరు వస్తుంటే అది ఆంప్‌దో, కరెంటు లైన్‌దో. ఈ మూడు మెట్లకు పట్టేది రెండు నిమిషాలు. ఒకేసారి రెండు మార్చకూడదన్నదే ఇందులో ఉన్న ఒక్క నియమం. రెండూ మార్చి బాగుపడితే ఏది బాగుచేసిందో ఎప్పటికీ తెలియదు.

గుయ్యిమని హోరు

గిటార్ మెళ్లో వేసుకుని నిలబడ్డ చోటే నెమ్మదిగా తిరగండి. ఒక దిక్కుకు హోరు పెరిగి, ఇంకో దిక్కుకు తగ్గిందంటే పికప్ చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటోంది. సింగిల్ కాయిల్ పికప్‌కు, అంటే ఒకే వైరు చుట్ట ఉన్నదానికి, ఇది పుట్టుగుణం, రిపేరు కాదు. ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్, పెడళ్ల అడాప్టర్, లైట్ డిమ్మర్ లాంటివి దగ్గరుంటే మరీ ఎక్కువ. వాటికి దూరంగా జరగండి. మూడు పికప్పులున్న గిటార్లలో మధ్య పికప్‌ను ఎదురు దిశలో చుట్టి ఉంటే అయిదు స్థానాల పికప్ స్విచ్ 2, 4 స్థానాల్లో హోరు దాదాపు మాయమవుతుంది. రెండు కాయిళ్లు ఒకదాని హోరును ఇంకొకటి కొట్టేయడమే ఇక్కడ కిటుకు. గిబ్సన్‌లో పనిచేసిన సెత్ లవర్ 1955లో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన రెండు కాయిళ్ల పికప్, హంబకర్ కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది.

ఇక్కడ ఒక మాట. గిటార్ లోపల రాగి రేకు అంటిస్తే హోరు మొత్తం పోతుందని చాలామంది చెబుతారు. రేకు ఆపేది జుయ్యిమనే పైస్థాయి బజ్‌ని. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే మంద్రమైన 50 లేదా 60 హెర్ట్జ్ హమ్‌కు రాగి అడ్డం కాదు. దానికోసం సాయంత్రమంతా గిటార్ విప్పుకుని కూర్చోవడం దండగ.

ఇప్పుడు తీగల మీద చెయ్యి పెట్టండి. శబ్దం తగ్గితే అంతా సవ్యంగానే ఉంది, తీగలు ఎర్త్‌కు కలిసి ఉన్నాయి. ఏ తేడా లేదంటే బ్రిడ్జ్ (బాడీ మీద తీగలను మోసే భాగం) నుంచి పాట్ (నాబ్ కింద ఉండే కంట్రోల్) వెనక్కి వెళ్లే ఎర్త్ వైరు ఊడి ఉండొచ్చు, ఒక సోల్డర్ చుక్కతో అయిపోయే పని. ముట్టుకుంటే శబ్దం పెరుగుతోందా? జాక్ దగ్గర సిగ్నల్ వైరు, ఎర్త్ వైరు తారుమారై ఉంటాయి. ఎవరైనా కొత్తగా జాక్ మార్చిన గిటార్‌లో మొదట అనుమానించాల్సింది దీన్నే.

తీగల మీద చెయ్యి ఉండగా మైక్‌కు పెదవి తగిలి జివ్వుమంటే మాత్రం వెంటనే ఆపేయండి. అది సౌండ్ సమస్య కాదు, ప్రాణాల మీదికి వచ్చేది. ఎర్త్ కనెక్షన్ ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఆ ప్లగ్గులో ఏదీ పెట్టకండి. హమ్ పోతుందని ఆంప్ ప్లగ్ ఎర్త్ పిన్ తీసేసే అలవాటు ఎవరిదైనా సరే, మాన్పించండి.

పెడళ్లు కలిపినప్పుడే సన్నగా కీచుమంటోందంటే అడాప్టర్‌ను అనుమానించాలి. ఒకే అడాప్టర్ నుంచి కొమ్మల వైరుతో అన్నిటికీ కరెంటు ఇస్తున్నప్పుడు, అందులో ఒక్క డిజిటల్ డిలే ఉన్నా దాని చప్పుడు ఎర్త్ వైరు గుండా మిగతావాటికి పాకుతుంది. పరీక్ష తేలిక: అనుమానం ఉన్న పెడల్‌ను బ్యాటరీతోనో, వేరే అడాప్టర్‌తోనో నడపండి. కీచు ఆగితే ప్రతి అవుట్‌పుట్ విడివిడిగా ఉండే పవర్ సప్లై ఒక్కటే శాశ్వత పరిష్కారం. అది కొనేటప్పుడు ప్రతి పెడల్‌కు ఎన్ని వోల్టులు, ఎన్ని మిల్లీఆంప్‌లు కావాలో చూసుకోండి. ఎక్కువ పెడళ్లు 9 వోల్టుల డీసీతో, మధ్య పిన్ నెగెటివ్‌గా నడుస్తాయి. అన్నీ అంతే అనుకుంటే పెడల్ కాలిపోతుంది.

రెండు ఆంప్‌లు కలిపినప్పుడో, ఆంప్‌ను కంప్యూటర్‌కు కలిపినప్పుడో మాత్రమే హోరు వస్తే అది గ్రౌండ్ లూప్. రెండిటికీ ఒకే ప్లగ్ బోర్డు నుంచి కరెంటు ఇచ్చి చూడండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. అప్పటికీ ఉంటే మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఐసొలేటర్ పెట్టాలి. ఇక గెయిన్ పెంచినప్పుడు వచ్చే స్‌స్‌స్ అనే శబ్దం లోపమే కాదు. గెయిన్ కాస్త తగ్గించి వాయించి చూడండి, మీరనుకున్నంత అవసరం పడదు.

చిటపటలు, మధ్యలో సౌండ్ పోవడం

కేబుల్ రెండు చివర్లూ కదిపి చూడండి, తర్వాత జాక్‌ను కదపండి. జాక్ నట్టు వదులైతే బిగించాలి, కానీ లోపలి జాక్‌ను పట్టుకుని బిగించాలి. లేకపోతే నట్టుతోపాటు జాక్ కూడా తిరిగి లోపలి వైర్లు మెలిపడి తెగుతాయి. అంతవరకు చిన్న పనిగా ఉన్నది అక్కడ పెద్దదవుతుంది. నాబ్ తిప్పినప్పుడు మాత్రమే గరగర వస్తే పాట్‌లో దుమ్ము చేరింది. ఎలక్ట్రానిక్స్ కోసం అమ్మే కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు లోపల పడేలా కొట్టి, నాబ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు ఇరవైసార్లు తిప్పండి. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే వద్దు. అయినా గరగర ఆగకపోతే పాట్ అరిగిపోయింది, మార్చడమే. యాక్టివ్ పికప్పులున్న గిటార్ సౌండ్ నీరసించి, ఆనక చిరిగినట్టు వస్తుంటే ఏదీ విప్పకుండా 9 వోల్టుల బ్యాటరీ మార్చండి. కేబుల్ పెట్టి వదిలేస్తే వాయించకపోయినా ఆ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

శ్రుతి నిలవకపోవడం

నింద ఎప్పుడూ ట్యూనింగ్ పెగ్గుల మీద పడుతుంది, దొంగ మాత్రం నట్ దగ్గర, అంటే మెడ పైకొసన తీగలు కూర్చునే గాడులున్న పట్టీ దగ్గర, ఉంటాడు. మూడో తీగతో, అంటే జీ తీగతో, పరీక్షించండి. ట్యూనర్‌లో సరిగ్గా కుదిరాక నట్‌కూ పెగ్గుకూ మధ్య ఉన్న తీగ ముక్కను వేలితో ఒకసారి నొక్కి వదలండి. ట్యూనర్ ముల్లు పైకి వెళ్లి అక్కడే ఉండిపోతే తీగ నట్ గాడిలో ఇరుక్కుంటోంది. శ్రుతి చేసేటప్పుడు టింగుమని చిన్న శబ్దం వచ్చి, శ్రుతి ఒక్కసారి గెంతడం కూడా దాని గుర్తే. 9 సైజు తీగలు తీసి 10 వేశాక ఇది మొదలైతే కారణం వెతకక్కర్లేదు: లావు తీగకు గాడి చాలలేదు. ముందు గాడిలో పెన్సిల్ ములుకు రుద్ది చూడండి, గ్రాఫైట్ జారుడునిస్తుంది. చాలకపోతే గాడిని వెడల్పు చేయించాలి. ఆ పనికి తీగ సైజు ఆకురాయి కావాలి, చెయ్యి తిరిగిన మనిషి కావాలి. లోతు పావు మిల్లీమీటరు ఎక్కువైతే కొత్త నట్ వేయాల్సిందే.

నట్ బాగుంటే తీగల చుట్లు చూడండి. పెగ్గు మీద రెండు మూడు చుట్లు, ఒకదాని కింద ఒకటి దిగుతూ ఉండాలి. కొత్త తీగలను చేత్తో మెల్లగా లాగి, మళ్లీ శ్రుతి చేసి, ఇక దిగదు అనేదాకా సాగదీయండి. శ్రుతి ఎప్పుడూ కింది నుంచి పైకి చేరాలి. దాటిపోతే పూర్తిగా దింపి మళ్లీ రండి. తేలే ట్రెమోలో (కడ్డీతో కదిపి స్వరాన్ని ఊపే బ్రిడ్జ్) ఉన్న గిటార్లో ఒక తీగ బిగిస్తే మిగతా అయిదూ దిగుతాయి, ఎందుకంటే ఆ బ్రిడ్జ్ తీగల లాగుడుకూ వెనక స్ప్రింగుల లాగుడుకూ మధ్య నిలబడి ఉంది. తీగలు ఒక్కొక్కటిగా మార్చండి. సైజు మారిస్తే స్ప్రింగులు పట్టుకున్న స్క్రూలనూ సరిచేయాలి.

కింద కార్డులు బాగుండి, పైకి వెళ్లేకొద్దీ అపశ్రుతి వస్తుంటే అది ఇంటొనేషన్ తేడా. పాత తీగలతో ఈ పని మొదలుపెట్టకండి, ఎంత తిప్పినా కుదరదు. 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర హార్మోనిక్, అంటే తీగను నొక్కకుండా తాకి మీటే స్వరం, వాయించి, అక్కడే తీగ నొక్కి వాయించి, రెండూ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే సాడిల్‌ను (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్కను) మెడకు దూరంగా జరపాలి, తక్కువైతే మెడ వైపు. ప్రతిసారీ మళ్లీ శ్రుతి చేసి చూడాలి. 12 దగ్గర సరిపోయి మొదటి మూడు ఫ్రెట్లలోనే హెచ్చుతుంటే నట్ ఎత్తుగా ఉంది, లేదా మీరు గట్టిగా నొక్కుతున్నారు.

ఒక్కటి మాత్రం చాలామందికి తట్టదు. లావు తీగ మీద పై ఫ్రెట్లలో స్వరం అలలాగా ఊగుతూ, ట్యూనర్ ముల్లు ఎక్కడా నిలవకపోతే సింగిల్ కాయిల్ పికప్ మరీ ఎత్తుగా ఉంది. దాని అయస్కాంతాలు తీగను పట్టి లాగుతున్నాయి. చివరి ఫ్రెట్ నొక్కి, తీగకూ పికప్‌కూ మధ్య లావు తీగ వైపు సుమారు 2.5 మి.మీ. ఉండేలా దింపండి. ఊగడం ఆగుతుంది, సౌండ్ కూడా విప్పారుతుంది.

ఫ్రెట్ బజ్

తీగ ఫ్రెట్‌కు తగిలి బజ్ మంటుంది. ఆంప్‌లో వినబడని బజ్‌ను పట్టించుకోకండి. వినబడితే ఎక్కడ వస్తోందో చూడండి. నొక్కకుండా మీటినప్పుడే వస్తే నట్ గాడి లోతైంది. మొదటి నాలుగైదు ఫ్రెట్లలో వస్తే మెడ వెనక్కి వంగింది. ఒక్క చోటే వస్తే అక్కడి తర్వాతి ఫ్రెట్ పైకి లేచింది. మెడ వంపు కొలవడానికి మొదటి ఫ్రెట్‌కు కేపో (తీగలన్నీ నొక్కిపట్టే బిగింపు) పెట్టి, మెడ బాడీలో కలిసే చోట లావు తీగ నొక్కండి. 7వ ఫ్రెట్ మీద సుమారు 0.2 నుంచి 0.3 మి.మీ. సందు ఉంటే చాలు. సందు లేకపోతే ట్రస్ రాడ్ (మెడ లోపలి సర్దుబాటు కడ్డీ) వదులు చేయాలి, ఎక్కువుంటే బిగించాలి. ఒక్కసారికి పావు చుట్టు మించకుండా తిప్పి, మళ్లీ కొలవండి. మొండికేస్తే బలం వాడకండి. గాలిలో తేమ మారినప్పుడు మెడ కదలడం మామూలే. మెడ కుదిరాకే సాడిల్ ఎత్తు ముట్టుకోవాలి. 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద 2 మి.మీ., సన్న తీగ కింద 1.5 మి.మీ. మొదలుపెట్టడానికి మంచి కొలత.

వాల్యూమ్ తగ్గిస్తే సౌండ్ మొద్దుబారడం

పాట్ నిరోధం, కేబుల్ కెపాసిటెన్స్ కలిసి పైస్వరాలను తినేస్తాయి. వాల్యూమ్ పాట్‌కు పైస్వరాలను దాటనిచ్చే చిన్న ట్రెబుల్ బ్లీడ్ కెపాసిటర్ కలిపితే చాలావరకు తీరుతుంది. పొడవాటి కేబుల్ వాడుతుంటే పొట్టిది వేయండి, లేదా గొలుసు మొదట్లో బఫర్ (పొడవాటి కేబుల్‌ను నడపగలిగేలా సిగ్నల్‌ను బలపరిచే సర్క్యూట్) పెట్టండి. పాత ఫజ్ పెడళ్లకు మాత్రం ముందు బఫర్ ఉంటే పడదు.

ఆంప్ దగ్గర తేలిన తప్పు

ట్యూబ్ ఆంప్‌లో ఒక స్వరానికి టింగుమనే ప్రతిధ్వని తోడవుతుంటే, వెనక తెరిచి ఉన్న ఆంప్‌లో పెన్సిల్ రబ్బరు చివరతో చిన్న ట్యూబులను ఒక్కొక్కటిగా మెల్లగా తట్టండి. స్పీకర్లో గట్టిగా మోగేదే మార్చాల్సిన ట్యూబ్. ఫ్యూజ్ పోతే అదే రేటింగ్‌ది వేయండి. అదీ పోతే ఆగండి. చాసిస్ (సర్క్యూట్ ఉండే లోపలి లోహపు పెట్టె) మాత్రం విప్పవద్దు, ప్లగ్ పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు ఆంప్‌తోపాటు ఒక చీటీ ఇవ్వండి: ఆన్ చేసిన ఎంతసేపటికి వస్తోంది, ఏ చానల్‌లో, ఏ నాబ్ తిప్పితే మారుతోంది, ఇన్‌పుట్ ఖాళీగా ఉన్నా వస్తోందా.