గాలి లెక్క వదిలే ఊపిరితో మొదలుపెట్టండి

వ్యోమనౌక క్యాబిన్ ప్రాజెక్టు అని ఫైనలియర్ పిల్లలు నా దగ్గరికి వస్తే ముందుగా గీసేది ఆక్సిజన్ సిలిండరే. దాన్ని పక్కన పెట్టించి, వదిలే ఊపిరి లెక్క వేయిస్తాను.

గగన్‌యాన్‌లో అనుకున్నట్టే ముగ్గురు మనుషులు, 3 రోజులు తీసుకోండి. ఒక్కొక్కరు రోజుకు సుమారు 0.84 కిలోల ఆక్సిజన్ పీల్చి, కిలో దాకా కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. క్యాబిన్‌లో 8 ఘనమీటర్ల గాలి ఉందనుకుందాం. శుద్ధి ఆగిపోతే గంటలో ఆక్సిజన్ 21 శాతం నుంచి 20కి దిగుతుంది. దానికి ఎవరికీ ఏమీ కాదు. కానీ కార్బన్ డయాక్సైడ్ దాదాపు 1 శాతానికి ఎక్కేస్తుంది. ఇంకో రెండు మూడు గంటలు అలాగే వదిలేస్తే తలనొప్పి, ఆయాసం. అంటే ముందు ముంచేది ఇదే.

చిన్న ప్రయాణానికి, కార్బన్ డయాక్సైడ్‌ని పట్టేసుకునే లిథియం హైడ్రాక్సైడ్ పొడి డబ్బాలు చాలు. కిలో వాయువుకి సుమారు 1.1 కిలోల పొడి పడుతుంది. మన 9 కిలోలకి కాగితం మీద 10 కిలోలు. పొడి అంతా పనిచేయదు కాబట్టి నేను ఇంకో సగం కలపమంటాను. డబ్బాలన్నీ ఒకే ఆకారంలో ఉండాలి. 1970లో అపోలో 13 చంద్రయాత్రలో కలిసి వెళ్లిన రెండు నౌకల్లో ఒకదాని డబ్బాలు చదరం, రెండోదానివి గుండ్రం. చదరపు డబ్బాలని ప్లాస్టిక్ సంచులు, టేపుతో రెండో నౌకలో అతికించుకుని ముగ్గురూ బతికి బయటపడ్డారు.

ఆ పొడి పనిచేసేటప్పుడు వేడీ, నీరూ పుడతాయి. అందుకే తేమ పట్టే చల్లటి పలకని డబ్బా తర్వాతే పెట్టండి.

ఇక ఫ్యాను. బరువు తెలియని చోట వేడి గాలి పైకి లేవదు. నిద్రపోయేవాడి ముక్కు దగ్గర వాడి ఊపిరే పోగుపడుతుంది. దీన్ని చూడాలంటే అట్టపెట్టెకి ఒక పక్క పాలిథిన్ షీటు అతికించి, పాత కంప్యూటర్ ఫ్యాను బిగించి, లోపల ఊదుబత్తి పొగ నింపండి. ఫ్యాను వేసి, పొగ పోవడానికి ఎంతసేపు పట్టిందో ఫోన్‌లో చూసుకోండి. తర్వాత పెట్టెని ఆరు వైపులా తిప్పి మళ్లీ చేయండి. పెట్టె తిప్పితే టైమ్ మారిందంటే, పని చేస్తున్నది మీ ఫ్యాను ఒక్కటే కాదు, భూమ్యాకర్షణ కూడా.

పోయినేడు ఒక బ్యాచ్ పెట్టెలో పడక మూల పైకి ఉన్నప్పుడు అక్కడే పొగ సుడి తిరుగుతూ ఉండిపోయింది. తల పెట్టే వైపు ఇంకో రంధ్రం కొట్టించాను. నాలుగోసారికి ఆరు వైపులా ఒకే టైమ్ వచ్చింది. అప్పుడే డ్రాయింగు మీద సంతకం పెట్టాను.